ఈతబట్టల కుకీ

నేను ఒక కుకీని. బేకరీలో గాజు సీసాలోంచి తీసి ఇచ్చే రకం కాదని ముందే మనవి చేసుకుంటున్నాను. నన్ను టీలో ముంచలేరు, కొరకలేరు. నేను కంప్యూటర్లో ఉంటాను. కొన్ని ఇంగ్లీషు అక్షరాలు, కొన్ని అంకెలు, మధ్యలో ఒక అడ్డగీత. నా ఆకారమంతా అంతే. నన్ను చూసి మెచ్చుకున్నవాళ్ళు ఇంతవరకూ లేరు.

అయినా నా వల్ల తణుకులో ఒక పెద్దమనిషి పరువు పోయింది. ఆ పరువు తిరిగి రావడానికి ఆయన భార్య నీళ్ళలో దిగాల్సి వచ్చింది. కంగారు పడకండి, ప్రాణం తీసుకోవడానికి కాదు.

మీరు ఇంటర్నెట్‌లో ఏదో దుకాణం పేజీ తెరిచారనుకోండి. ఆ దుకాణం మీ కంప్యూటర్లో ఒక చిన్న చీటీ పెట్టి పోతుంది. మర్నాడు మీరు మళ్ళీ వెళితే ఆ చీటీ చూసి, 'ఓహో, నిన్న వచ్చినాయనే' అని గుర్తుపడుతుంది. మీరు బుట్టలో వేసుకున్న సరుకు బుట్టలోనే ఉంచుతుంది. ఆ చీటీనే కుకీ అంటారు. ఇది మర్యాదస్తుల జాతి. నేను ఆ జాతిలో పుట్టలేదు. దుకాణం గోడ మీద కాస్త జాగా పుచ్చుకుని ప్రకటనలు అంటించే కంపెనీ ఒకటి ఉంటుంది. ఆ కంపెనీ పంపితే వచ్చినదాన్ని నేను. మా పని మనిషి వెంట పడటం. మీరు చెప్పుల దుకాణంలో ఒక జత చూసి వద్దనుకుని బయటికొస్తే, ఆ జత పట్టుకుని మీరు వెళ్ళిన ప్రతి వీధికీ వచ్చేది మేమే.

కుకీకి చెవులెక్కడివి, మాటలెలా విందని అడక్కండి. ఆత్మకథ చెప్పుకునే వస్తువుకి ఆ మాత్రం వెసులుబాటు మీరే ఇవ్వాలి.

తణుకులో గుబ్బల సత్తిరాజు గారికి శుభలేఖల ప్రెస్సు ఉంది. ఇంటి ముందు గది దుకాణం, వెనక గదులు కాపురం. దుకాణంలో ఒక బల్ల, బల్ల మీద కంప్యూటరు, దాని ముందు పెళ్ళివారు కూర్చోవడానికి ప్లాస్టిక్ కుర్చీలు. పెళ్ళివారికి ఎదురుగా తెర మీదే డిజైన్లు చూపించి, అక్షరాలు మార్చి, దేవుడి బొమ్మ కుడివైపు పెట్టాలో ఎడమవైపు పెట్టాలో వాళ్ళు కొట్టుకుని తేల్చుకునేదాకా ఓపిగ్గా కూర్చోవడం ఆయన వృత్తి. ఊళ్ళో ఆయన మాటకి విలువుంది. శుభలేఖలు వేసే చెయ్యి శుభ్రంగా ఉండాలని నమ్మే మనుషులు ఆ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు.

మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన దుకాణం తలుపు దగ్గరగా వేసి, వెనక గదిలో నడుం వాలుస్తాడు. ఆ సమయంలో కంప్యూటరు ముందుకి ఆయన భార్య మంగతాయారు వస్తుంది. యాభై దాటిన మనిషి. కళ్ళజోడు ముక్కు చివరికి దించి, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ కొడుతుంది. నేను పుట్టిన రోజున ఆవిడ కొట్టినది ఇది: 'ఆడవాళ్ళకి నిండుగా ఉండే ఈతబట్టలు'.

దుకాణం పేజీ తెరుచుకుంది. తెరుచుకోగానే సగం పేజీకి అడ్డంగా ఒక పలక లేచింది. 'మీ గోప్యత మాకెంతో ముఖ్యం' అని దాని మీద రాసి ఉంది. ఈ మాట ఎక్కడ కనిపించినా జేబు తడుముకోవడం మంచిదని నా సలహా. కింద పచ్చగా, పెద్దగా 'అన్నీ అంగీకరిస్తున్నాను' అనే బొత్తాం. దాని పక్కన, వానకి తడిసి వెలిసిపోయిన పోస్టరులాంటి రంగులో 'సెట్టింగులు మార్చుకోండి' అనే చిన్న అక్షరాలు. గుమ్మంలో అడ్డంగా పడుకున్న కుక్కని అదిలించినట్టు ఆవిడ పచ్చ బొత్తాం నొక్కింది. ఆ నొక్కుడుకి నేనూ, నాలాంటి బోలెడు మందిమీ బిలబిలమని లోపలికి దిగాం. ఆవిడకి అడ్డు తొలగింది. మాకు కాపురం దొరికింది.

ఆవిడ చూసింది మోచేతులు దాటి చేతులు, మోకాళ్ళు దాటి కాళ్ళు ఉన్న నల్లని ఈతదుస్తు. మధ్యలో గళ్ళ పావడాలాంటిది కూడా ఉంది. దాన్ని బుట్టలో వేసింది. కొనే బొత్తాం దాకా వెళ్ళింది. వెనక గదిలో మంచం కిర్రుమంటే చటుక్కున పేజీ మూసేసింది. మర్నాడు మళ్ళీ అంతే. ఆ పై రోజూ అంతే. దుకాణం కుకీ నా పొరుగునే ఉండేది, పాపం, ఆ నల్ల దుస్తుని బుట్టలో భద్రంగా పట్టుకుని కూర్చుంది.

ఆవిడకి ఈతబట్టలు ఎందుకు? మాకు అక్కర్లేదు. మా కంపెనీకి ఏం చూశారన్నదే కావాలి, ఎందుకు చూశారన్నది కాదు. అందుకే మాకు అన్నీ తెలుసు, ఏమీ అర్థం కాదు.

ఉదాహరణకి మా కంపెనీ లెక్కలో ఆ కుర్చీలో కూర్చునే మనిషి ఒక్కరే. ఆ మనిషి పొద్దున్నే పంచాంగం చూస్తాడు, ముహూర్తాలు చూస్తాడు, రకరకాల వినాయకుళ్ళని చూస్తాడు. మధ్యాహ్నం ఈతబట్టలూ, మోకాళ్ళ నొప్పులకి కషాయాలూ చూస్తాడు. సాయంత్రం మళ్ళీ తోరణాలు, అరటిచెట్లు, సన్నాయి బొమ్మలు. ఇలాంటి మనిషి భూమ్మీద ఎవడైనా ఉంటాడా అని అక్కడ ఎవరికీ అనుమానం రాలేదు. 'ఈయనకి ఈతబట్టలు చూపించండి' అని మాత్రం నిర్ణయించారు. అక్కడితో ఆగినా బాగుండేది. నిండు బట్టలు చూసినవాళ్ళు పొట్టి బట్టలు కూడా చూడొచ్చని ఇంకో అంచనా వేశారు. ఆ అంచనాకి బలైనవాడు సత్తిరాజు.

ఆ అంచనా వేసిన మర్నాడు పొద్దున్నే ఆయన స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, మాఘమాసంలో ముహూర్తాలు చూద్దామని పంచాంగం పేజీ తెరిచాడు. రాహుకాలానికీ దుర్ముహూర్తానికీ పక్కనే సముద్రపు ఒడ్డున ఒక అమ్మాయి నిలబడి నవ్వుతోంది. ఆ అమ్మాయి ఒంటి మీద ఉన్న బట్టతో ఒక జేబురుమాలు కుట్టాలన్నా చాలదు.

సత్తిరాజు ముందు గుమ్మం వైపు చూశాడు. తర్వాత వంటింటి వైపు చూశాడు. తర్వాత తెర మీద ఆ అమ్మాయికి అరచెయ్యి అడ్డం పెట్టి, రెండో చేత్తో ముహూర్తాలు రాసుకున్నాడు.

శుభలేఖల పద్యాల పేజీ తెరిచాడు. ఆ అమ్మాయి స్నేహితురాలిని వెంటబెట్టుకుని అక్కడికీ వచ్చింది. పేజీ మూసి తెరిచాడు. కంప్యూటరు ఆపి మళ్ళీ వేశాడు. తెరకి దణ్ణం పెట్టుకుని మరీ తెరిచాడు. చివరికి పాత శుభలేఖ ఒకటి తీసుకుని, తెర కుడివైపు అంచుకి టేపుతో అంటించాడు. నేను ఊరుకుంటానా? ఎడమవైపు ఖాళీ జాగాలోకి మారాను.

ఆయన ఈ సంగతి భార్యకి చెప్పలేదు. ఏమని చెబుతాడు? అటు మంగతాయారుకి కూడా గొడవగానే ఉంది. ఆవడల పేజీలో ఈతబట్టలు, మోకాళ్ళ కషాయం పేజీలో ఈతబట్టలు. తన మనసులో మాట యంత్రానికి తెలిసిపోయిందని భయం వేసింది. ఆవిడా మొగుడికి చెప్పలేదు. తెర అంచుకి శుభలేఖ ఎందుకు అంటించి ఉందో అడగలేదు, అడిగితే ఎదురు ప్రశ్న వస్తుందని. ఒకే గుట్టుని ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు దాచుకుంటూ, పక్కపక్కన కూర్చుని కాఫీ తాగేవారు. ఈ భార్యాభర్తల సంబంధం ఏమిటో మా కంపెనీ ఏ లెక్కా పట్టుకోలేదు.

ఇలా ఉండగా రైసు మిల్లు పెద్దబ్బులు గారు కూతురి పెళ్ళి శుభలేఖలకి వచ్చారు. వెంట భార్య, పెళ్ళికూతురు, తల్లి సూరమ్మ. సూరమ్మకి చూపు బాగానే ఉంది, మొహమాటం మాత్రం ఎప్పుడో పోయింది. సత్తిరాజు అంటించిన శుభలేఖ తీసెయ్యాల్సి వచ్చింది, లేకపోతే డిజైను కనపడదు. గుండె చిక్కబట్టుకుని డిజైన్ల పేజీ తెరిచాడు. లక్ష్మీనారాయణులు దర్శనమిచ్చారు. పెద్దబ్బులు చెంపలు వేసుకున్నాడు. అప్పుడు పక్కన మా వాళ్ళు ప్రత్యక్షమయ్యారు, ఒకరు కాదు, వరసగా.

సూరమ్మ ముందుకి వంగి చూసింది.

"ఒరే పెద్దబ్బులూ, ఎవర్రా ఆ పిల్లలు? మగపెళ్ళోరి తాలూకా?"

"అమ్మా, నువ్వు ఊరుకో."

"ఊరుకోడవేంటి! గుడ్డ లేక అలా నిలబడ్డారు, చలికి చచ్చిపోరూ? ఎవరన్నా ఓ తువ్వాలన్నా ఇవ్వండ్రా!"

పెళ్ళికూతురు నవ్వాపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకుంది. పెద్దబ్బులు లేచాడు.

"సత్తిరాజు గారూ, మీరిలాంటోరని అనుకోలేదండి."

"బాబ్బాబు, నా మాట వినండి. నేనేం చెయ్యలేదండి. అదే వచ్చేత్తందండి!"

"ఊరికినే ఎలా వచ్చేత్తదండీ?" అన్నాడు పెద్దబ్బులు. న్యాయమైన ప్రశ్నే. జవాబు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మనుషులతో చెప్పే నోరు నాకు లేదు.

వాళ్ళు వెళ్ళిపోయారు. సత్తిరాజు కంప్యూటర్లు బాగుచేసే రాంపండుని పిలిపించాడు. రాంపండు కుర్చీలో వెనక్కి వాలి, మౌసు నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పి, తల పంకించాడు.

"ఆయ్, వైరస్సండి."

"ఎలా వచ్చిందంటావ్?"

రాంపండు గొంతు తగ్గించాడు. "అలాంటియ్యి చూత్తేనే వత్తాదండి. మగోళ్ళన్నాక మామూలేనండి. నేనెవరితో అంటానండీ?"

రాంపండు ఎవరితోనూ అనలేదు. టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్ళతో మాత్రమే అన్నాడు. సాయంత్రానికి సత్తిరాజు నరేంద్ర సెంటరు దాకా నడిచి వెళితే పలకరింపులు మారిపోయాయి. ఎప్పుడూ నమస్కారం పెట్టే కుర్రవాళ్ళు ఇవాళ నవ్వు కూడా కలిపి పెట్టారు. మర్నాడు పెళ్ళివారెవరూ రాలేదు. ఆ మర్నాడు సత్తిరాజు అక్క బుల్లెమ్మ వచ్చింది.

బుల్లెమ్మ రావడమే ఆటోలోంచి మాట్లాడుతూ వచ్చింది. "ఒరే సత్తీ! ఎక్కడరా నువ్వు? మన నాన్న ఈ ఊళ్ళో తలెత్తుకు తిరిగాడ్రా!" దుకాణంలో కుర్చీ లాక్కుని, తమ్ముడికి ఎదురుగా కూర్చుంది. "అరవయ్యేళ్ళొత్తన్నాయి. శుభలేఖలు అచ్చేసే చెయ్యిరా అది. ఈతలాడే ఆడపిల్లల్ని చూత్తన్నావంట?"

సత్తిరాజు తల పైకెత్తలేదు. "అక్కా, పిల్లల మీద ఒట్టు. నేను చూళ్ళేదు."

"మరెవరు చూత్తన్నారు? మంగ చూత్తందా?"

మంగతాయారు వంటింటి గుమ్మంలో మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఇక్కడ ఒక్క మాట అనకపోతే ఆవిడకేమీ నష్టం లేదు. నాలుగు రోజులకి ఊరు మరిచిపోతుంది, పెళ్ళివారు మళ్ళీ వస్తారు, మధ్యాహ్నాలు ఎప్పటిలాగే ఆవిడవి. మాట అంటే మాత్రం ఆ నల్ల దుస్తుకి అక్కడితో నీళ్ళొదులుకోవాలి. ఎందుకంటే వినేది బుల్లెమ్మ.

ఆవిడ మొగుడి వైపు చూసింది. ఆయన తెర అంచుకి అంటిన టేపు ముక్కని గోటితో గీకుతున్నాడు.

"అవును వదినా," అంది మంగతాయారు. "నేనే."

బుల్లెమ్మ నోరు తెరిచింది. మూయడం మరిచిపోయింది.

"ఏంటి నువ్వే?"

"చూసింది నేనే. పెరవలి రోడ్డులో ఈతకొలను కట్టారు కదా. ఆడాళ్ళకి వేరే టైముందంట. నేర్పేది కూడా ఆడపిల్లేనంట. నేర్చుకుందామని బట్టలు చూశాను. అలాంటియ్యి కాదు, నిండుగా ఉండేయ్యి. అప్పట్నుంచీ ఈ కంప్యూటరు నన్ను ఒదలట్లేదు. ఈయన్ని కూడా ఒదలట్లేదని నాకివాళే తెలిసింది."

"ఈ వయసులో ఈతేంటే నీకు!"

మంగతాయారు గ్లాసు బల్ల మీద పెట్టింది. అప్పుడు చెప్పింది, మా కంపెనీకి ఎప్పటికీ అందని ఆ 'ఎందుకు' అనే ముక్క.

చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో, కాలవ రేవులో, చెల్లెలు చిట్టి మెట్టు జారి నీళ్ళలో పడింది. మంగతాయారు పై మెట్టు మీదే ఉంది. చెల్లెలి జడ రిబ్బను నీళ్ళ మీద తేలుతూ పోవడం కళ్ళారా చూసింది. కేక వెయ్యడం తప్ప ఏమీ చెయ్యలేకపోయింది. బట్టలుతుకుతున్న మనిషొకాయన దూకి చిట్టిని లాగాడు. చిట్టి బతికింది. ఇంట్లో అన్నయ్యలకి ఈత నేర్పారు. ఆడపిల్లలిద్దరికీ మాత్రం చెరో రెండు వడ్డించి, కాలవ వైపు వెళ్ళొద్దన్నారు.

"చిట్టి ఎప్పుడో మర్చిపోయింది వదినా. నేనే ఇప్పటికీ ఆ మెట్టు మీదే ఉన్నాను. ఒక్కసారన్నా దిగాలని."

ముందు తేరుకున్నది సత్తిరాజు. "నాతో చెప్పొచ్చు కదే."

"మీరు చెప్పారా? రోజూ పొద్దున్నే తెరకి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. నాకేం తెలుసు, పూజ చేత్తన్నారనుకున్నాను."

బుల్లెమ్మకి నవ్వొచ్చింది. నవ్వితే ఓడిపోయినట్టవుతుందని దగ్గింది.

"అది సరే, మనం చూసింది దానికెలా తెలుత్తాది? రుజువేంటి?" అంది.

మంగతాయారు కుర్చీలో కూర్చుని ఆవడల పేజీ తెరిచింది. నేను నా విధి నిర్వర్తించాను. పెరుగు గిన్నె పక్కనే సముద్రం. సత్తిరాజు అలవాటు కొద్దీ చెయ్యి అడ్డం పెట్టబోతే బుల్లెమ్మ ఆ చేతి మీద ఒక్కటేసింది. 'చూసిన సరుకే మళ్ళీ మళ్ళీ ఎందుకు కనపడుతుంది' అని మంగతాయారు అక్షరం అక్షరం కొట్టింది. ఎవరో తెలుగులో వివరంగా రాసిన వ్యాసం దొరికితే పైకి చదివింది. నా కులం, గోత్రం, నా పని అన్నీ బయటపడ్డాయి.

"ఓయమ్మో!" అంది బుల్లెమ్మ బుగ్గ నొక్కుకుని. "అందుకేనా! పళ్ళసెట్టు గురించి ఒక్కసారి అడిగాను. అప్పట్నుంచీ నా ఫోను నిండా పళ్ళే. నిద్దర్లో కూడా ఇకిలిత్తన్నాయి!"

వ్యాసంలో చెప్పినట్టే మంగతాయారు బ్రౌజరు పైమూల మూడు చుక్కలు నొక్కింది. సెట్టింగులు. అందులో గోప్యత, భద్రత. అందులో థర్డ్ పార్టీ కుకీలు.

"థర్డ్ పార్టీ అంటే బండి ఇన్సూరెన్సు కదే?" అన్నాడు సత్తిరాజు.

"కాదండి. మనం ఒకటి, దుకాణం రెండు. మనిద్దరి మధ్యా దూరేవాడు మూడు."

ఇంతకంటే బాగా మమ్మల్ని ఎవరూ నిర్వచించలేదు. మా కంపెనీ వకీళ్ళు రాసిన పొడుగాటి నిబంధనల పేజీలో కూడా ఇంత స్పష్టత లేదు.

లోపల ఉన్నవాళ్ళ పేర్లన్నీ చూపించే చోటు ఒకటుంటుంది. ఆవిడ దాన్ని తెరిచింది. మౌసు చక్రం ఎంత తిప్పినా పేర్లు అయిపోలేదు. నోరు తిరగని పేర్లు, ఎప్పుడూ వినని పేర్లు. ముగ్గురూ కళ్ళప్పగించి చూశారు.

"ఇంతమంది మనింట్లో ఉన్నారా?" అన్నాడు సత్తిరాజు నెమ్మదిగా. "ఎవరు రానిచ్చారు?"

"నేనే. పచ్చ బొత్తాం నొక్కి."

మూడోవాళ్ళని ఆపెయ్యి అన్న చోట ఆవిడ నొక్కింది. నా గొంతు అక్కడితో ఆగిపోయింది. మళ్ళీ ఏ పేజీ మూలలోంచీ నన్నెవరూ పిలవలేదు. 'ఇంతవరకూ చేరినవాళ్ళని కూడా తుడిచెయ్యనా?' అని బ్రౌజరు అడిగింది. తుడిచేస్తే అన్ని సైట్లలోంచీ బయటికి వచ్చేస్తారని కింద హెచ్చరించింది. నా ఆయువు తీరిందనుకున్నాను.

"వద్దొద్దు!" అని అరిచాడు సత్తిరాజు. "డిజైన్ల సైటు పాస్‌వర్డు నాకు గుర్తులేదు!"

మనుషుల మతిమరుపు మీద బతికే జాతి మాది. అలా బతికిపోయాను. నోరు లేదు, ఊపిరి ఉంది. పింఛను పుచ్చుకునే ఉద్యోగిలా లోపల ఓ మూల పడి ఉన్నాను.

ప్రకటనలు పోయాయి. అక్కడితో అయిపోవాలి కదా? కాలేదు. బుల్లెమ్మ వెళ్ళాక సత్తిరాజు గొంతు సవరించుకున్నాడు.

"సరే తాయారూ, జరిగిందేదో జరిగింది. ఆ ఈత సంగతి మాత్రం ఒదిలెయ్. నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురూ ఇప్పటికే అనుకుంటన్నారు కదండీ. మీ గురించి."

ఆయన లేచి వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. ఆవిడ కూడా రెట్టించలేదు. మర్నాటి మధ్యాహ్నం దుకాణం పేజీ తెరిచి, ఆ నల్ల దుస్తుని బుట్టలోంచి తీసేసింది. పొరుగు కుకీ ఖాళీ బుట్ట పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. వెంటపడి విసిగించడమే వృత్తిగా బతికినదాన్ని నేను. ఆ రోజు మాత్రం ఆవిడకి ఆ దుస్తు ఇంకొక్కసారి చూపించాలని ప్రాణం కొట్టుకుంది. వీల్లేకపోయింది.

రెండు రోజులాగి సత్తిరాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉన్న విషయం చెప్పేద్దామని పెద్దబ్బులు మిల్లుకి వెళ్ళాడు. వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చాడు. కంప్యూటరు ముందు కూలబడ్డాడు. మంగతాయారు మజ్జిగ తెచ్చిచ్చింది.

"ఏమన్నారు?"

"నమ్మలేదే. ఈత నేర్చుకుందామని చూసింది మా ఆవిడండి అన్నాను. పకపకా నవ్వాడు. 'మీ ఆడోరు దేవతండి, మిమ్మల్ని కాపాడ్డానికి నింద నెత్తినేసుకున్నారు' అన్నాడు. టీ కొట్టు కాడ ఆ రాంపండుగాడు, 'అలాగాండీ, అయితే మేడంగారు కొలనుకి ఎప్పుడెల్తన్నారండీ?' అన్నాడు. నా దగ్గిర జవాబేది?"

మంగతాయారు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏం చేస్తోందో నాకు తెలియలేదు.

"ఆ బట్టల పేజీ మళ్ళీ తెరువు," అన్నాడు ఆయన.

"ఎందుకండీ? మీ పరువు కోసవా?"

సత్తిరాజు మజ్జిగ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"పొద్దున ఇంట్లోంచి బయల్దేరినప్పుడు పరువు కోసవే. అక్కడ పెద్దబ్బులు నవ్వుతుంటే నాకు ఒళ్ళు మండింది. 'మీకేం తెలుసండీ, మా ఆవిడ చెల్లెలు చిన్నప్పుడు కాలవలో...' అనబోయాను. మాట మధ్యలో ఆగిపోయింది. నాకు మాత్రం ఏం తెలుసు? మొన్న నువ్వు అక్కకి చెప్తుంటే విన్నాను. ఇన్నేళ్ళ కాపరం. నువ్వు కాలవ గట్టు మీద ఎప్పుడు నడిచినా నా చెయ్యి పట్టుకునేదానివి. నా మీద పేమనుకునేవోణ్ణి."

"అదీ ఉందిలెండి," అంది మంగతాయారు.

ఆ మధ్యాహ్నం సత్తిరాజు నడుం వాల్చలేదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నల్ల దుస్తుని మళ్ళీ బుట్టలో వేశారు. కొనే బొత్తాం దగ్గర ఆవిడ వేలు ఆగితే ఆయన మౌసు అందుకున్నాడు. ఆవిడ ఆయన చెయ్యి తోసేసి, తనే నొక్కింది.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. కొలను గట్టున నాకేం పని? దుకాణంలో వచ్చేపోయేవాళ్ళ మాటల్ని బట్టి చెబుతున్నాను. మొదటి వారం ఆవిడ గట్టు ఇనపకమ్మీ వదల్లేదట. నేర్పే అమ్మాయి ఒక్కొక్క వేలే విడదీస్తే, ఇంకో చేత్తో పట్టుకునేదట. ఒకరోజు ఏడ్చి బయటికొచ్చేసింది. గేటు అవతల స్కూటరు మీద కూర్చున్న సత్తిరాజు, 'పోనీ మానేద్దామా' అంటే, కళ్ళు తుడుచుకుని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయిందట. సత్తిరాజు మాత్రం శుభలేఖలకి వచ్చిన ప్రతి మనిషికీ ముందు ఈ కథే చెప్పేవాడు, తర్వాతే డిజైన్లు.

"నిన్న కమ్మీ ఒదిలేసిందండి! పూర్తిగా! ఆ గట్టు నుంచి ఈ గట్టుకండి! నీళ్ళు తాగేసిందనుకోండి, అది వేరే సంగతి."

పెద్దబ్బులు శుభలేఖలు వేరే ప్రెస్సులోనే వేయించుకున్నాడు. తప్పు ఒప్పుకునేకంటే తాడేపల్లిగూడెం దాకా వెళ్ళి రావడం సులువనుకున్నాడు కాబోలు. అయితే సూరమ్మ ఊరుకోలేదు. పెళ్ళికి ముందు మనవరాల్ని వెంటబెట్టుకుని కొలను దగ్గర దిగింది. గట్టు మీద కుర్చీ వేయించుకుని, అందరూ నిండుగానే ఉన్నారని సంతృప్తి పడి, మనవరాల్ని మంగతాయారు పక్కనే నీళ్ళలోకి దింపింది. చేతిలో మాత్రం తువ్వాలు సిద్ధంగా పట్టుకుందట. రాంపండు ఇప్పుడు టీ కొట్టు దగ్గర, 'ఆ వైరస్సు నేనే తీసేశానండి' అని చెప్పుకుంటున్నాడు.

ఇక నా సంగతి. నన్ను ఎవరూ అడగరు, నేను ఎవరికీ చెప్పను. నా ఒంటి మీద రాసిన గడువు తేదీ దగ్గర పడుతోంది. అది రాగానే ఆకు రాలినంత చప్పుడు కూడా లేకుండా పోతాను. మొదట్లో ఈ నిశ్శబ్దం చికాకుగా ఉండేది. ఒకప్పుడు ఈ ఇంట్లో చీమ చిటుక్కుమన్నా కంపెనీకి చేరవేసినదాన్ని కదా. ఇప్పుడు అలవాటైంది. వినడం ఇంత బాగుంటుందని, చెప్పే పనిలో ఉన్నన్నాళ్ళూ నాకు తెలియలేదు.

నిన్న మధ్యాహ్నం బుల్లెమ్మ వచ్చింది. ఆటోలోంచి మాట్లాడుతూ రాలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, వెనక గుమ్మంలోంచి వచ్చింది. తమ్ముడు గురక పెడుతున్నాడని నిర్ధారించుకుని, మరదలి పక్కన కుర్చీలో సర్దుకుంది.

"మంగా, ఆ పేజీ ఒకసారి తియ్యి."

"ఏ పేజీ వదినా?"

"అదేనే. నిండుగా ఉండేయ్యి."

మంగతాయారు కళ్ళజోడు పైనుంచి చూసింది.

"నాక్కాదు!" అంది బుల్లెమ్మ. "మా కోడలికి."

"మీ కోడలు సన్నంగా ఉంటాది కదా. కొలత ఎంత పెట్టమంటారు?"

బుల్లెమ్మ తన నడుం వైపు ఒకసారి చూసుకుంది. వెనక గది వైపు ఒకసారి చూసింది.

"కాత్త వదులుగా ఉన్నదే చూడు," అంది.

మంగతాయారు అన్నిటికంటే పెద్ద కొలత మీద నొక్కింది. బుల్లెమ్మకి ఊదారంగు నచ్చింది.

ఈ వార్తకి మా కంపెనీలో ఎంత విలువుండేదో నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్పాను, అంతే. తణుకు వైపు వెళితే మీరూ చెప్పకండి.